గుట్ట కింది పసిపిల్లలు

2018 జులై చివర్లో యాదగిరిగుట్ట వ్యభిచార గృహాల నుంచి రాచకొండ పోలీసులు 11 మంది బాలికలను కాపాడారు. వారిలో ఒకటో తరగతి వయసు పసివాళ్లూ ఉన్నారు! త్వరగా ఎదగాలని హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చారన్న ఆరోపణపై ఒక వైద్యుడూ అరెస్టయ్యాడు. నిత్యం వేలాది మంది భక్తులు వచ్చిపోయే ఊరది. ఇరుగుపొరుగుకు అనుమానమే రాలేదంటే నమ్మలేం.

ఇలాంటివి ఆపడానికి చట్టం ఒక్కటే చాలదు. ఆడపిల్లలను దేవతకు అంకితమిచ్చే జోగిని ఆచారాన్ని 1988లోనే చట్టం నిషేధించింది, అయినా పాలమూరు పల్లెల్లో అది వెంటనే ఆగలేదు. చట్టానికి ఊరు తోడుండాలి. నల్లగొండ తండాల్లో, పాలమూరు వలస కుటుంబాల్లో బడి మానేసిన ప్రతి ఆడపిల్ల ఎక్కడుందో పంచాయతీ, అంగన్‌వాడీ నెలనెలా ఆరా తీయాలి. కన్నవాళ్లమంటూ వచ్చినవారికి డీఎన్‌ఏ పరీక్ష లేకుండా కాపాడిన పిల్లల్ని అప్పగించకూడదు. అనుమానం కలిగినవారు వెంటనే 1098కి ఫోన్ చేయాలి.