పార్కు కట్టేది ఒకసారి, కాపాడేది రోజూ

కోయంబత్తూరు గాంధీపురంలో సెంట్రల్ జైలు స్థలంలో 45 ఎకరాల సెమ్మొళి పూంగాను ముఖ్యమంత్రి స్టాలిన్ 2025 నవంబరు 25న ప్రారంభించారు. 2010లో ఇక్కడ జరిగిన ప్రపంచ తమిళ సెమ్మొళి మహానాడు నాటి మాట ఇప్పటికి నెరవేరింది. ఖర్చు 208 కోట్ల రూపాయలు దాటింది. ఊరికి ఇంత పచ్చని చోటు వచ్చినందుకు మాకూ సంతోషమే. అయితే ఈ చెట్లకు పదేళ్ల తర్వాత కూడా నీళ్లు పోసేదెవరన్నదే మా ప్రశ్న.

కట్టే డబ్బు పైనుంచి వస్తుంది. కోయంబత్తూరులో చెరువు గట్ల పనులు, మధురైలో తముక్కం సమావేశ మందిరం స్మార్ట్ సిటీ నిధులతో వచ్చినవే. ఆ పథకం 2025 మార్చి 31తో ముగిసింది. ఇకపై కాపలావాడి జీతం, దీపాల బిల్లు, మోటారు మరమ్మతు కార్పొరేషన్ సొంత రాబడి నుంచే రావాలి. ఆ రాబడిలో పెద్ద భాగం మనం కట్టే ఇంటి పన్ను. 2022లో 600 చదరపు అడుగుల లోపు ఇళ్లకు 25 శాతం, 1800 దాటిన వాటికి నూరు శాతం పెంచారు. తాతల నాటి పెద్ద ఇంట్లో పింఛనుతో బతికే వారికి ఇది చిన్న భారం కాదు.

కాపాడకపోతే ఏమవుతుందో మధురై వారికి చెప్పక్కరలేదు. తిరుమల నాయకుడు తవ్వించిన తెప్పకుళానికి వైగై నుంచి కాలువ ఉంది. అది పూడుకుపోయిన ఏళ్లలో కోనేరు పిల్లల క్రికెట్ మైదానమైంది. కాలువ బాగుచేశాకే నీళ్లు నిలిచాయి.

పెద్ద పార్కుకు రెండు బస్సులు మారి వెళ్లే ఓపిక మన అవ్వతాతలకు లేదు. వారికి వీధి చివర నాలుగు బల్లలు, ఒక నీడ చాలు. అందుకు స్థలం కొనక్కరలేదు. పెద్ద లేఅవుట్లలో పదో వంతు ఖాళీ స్థలం వదలాలని నిబంధన ఉంది. ఆ రిజర్వు సైట్లు చాలాచోట్ల ముళ్లకంపలతోనో, ఆక్రమణలోనో ఉన్నాయి.

'నమక్కు నామే' పథకంలో జనం మూడో వంతు ఇస్తే మిగతాది ప్రభుత్వం ఇస్తుంది. 1926లో ఆస్తిని ఐదు వాటాలు చేసి ఒకటి ధర్మానికి ఇచ్చిన పీఎస్‌జీ కుటుంబం ఉన్న ఊరు మనది. ఇవ్వడం మనకు కొత్త కాదు. కానీ ఇవ్వగల వీధికే పార్కు వస్తే, కూలినాలి చేసుకునే వీధి మాటేమిటి? అందుకే చందా కంటే ముందు రెండు అడుగుదాం: వార్డువారీగా రిజర్వు సైట్ల జాబితా, ప్రతి పార్కు నిర్వహణకు బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు.

ఇంటి దస్తావేజుల్లో లేఅవుట్ నకలు ఉంటే వెతికి తీసి ఉంచండి. ఏరియా సభకు అది పట్టుకుని వెళదాం. అర్జీ మేము రాస్తాం, సంతకాలు మీరు పెట్టండి.