వాళ్లూ మన ప్రేక్షకులే, మన పాఠకులే

2011 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ‘గే సంస్కృతి’ పెచ్చరిల్లిపోతోందంటూ టీవీ9 ఒక కథనం ప్రసారం చేసింది. స్వలింగ ప్రేమికుల వెబ్‌సైట్‌లో సభ్యులుగా ఉన్న యువకులకు ఫోన్లు చేసి, వాళ్ల మాటలను చెప్పకుండా రికార్డు చేసి, ఫొటోలతో సహా తెరకెక్కించారు. వయోజనులు పరస్పర అంగీకారంతో కలిసి ఉండటం నేరం కాదని ఢిల్లీ హైకోర్టు అంతకు ఏడాదిన్నర ముందే, 2009 జులై 2న తీర్పు ఇచ్చింది. అంటే చట్టం ముందు ఆ యువకులు చేసిన తప్పేమీ లేదు. అప్పట్లో జస్టిస్ జె.ఎస్. వర్మ అధ్యక్షతన పనిచేసిన న్యూస్ బ్రాడ్‌కాస్టింగ్ స్టాండర్డ్స్ అథారిటీ ఆ కథనాన్ని తప్పుపట్టింది. వ్యక్తుల గోప్యతను భంగపరిచారని తేల్చి, లక్ష రూపాయల జరిమానా వేసి, క్షమాపణ ప్రసారం చేయమని ఆదేశించింది.

జరిమానా కట్టేస్తే తీరే తప్పు కాదది. ఆ కథనం చూసినవాళ్లలో ఆ యువకుల తల్లిదండ్రులు, ఇంటి ఓనర్లు, ఆఫీసులో పైవాళ్లు ఉండి ఉండవచ్చు. తమ సంగతి ఎవరికీ చెప్పుకోలేని ఎందరో అబ్బాయిలు, అమ్మాయిలు కూడా ఇంట్లో అందరితో పాటు టీవీ ముందు కూర్చుని ఉంటారు. కథనం తయారు చేసినవాళ్ల లెక్కలో వాళ్లు ప్రేక్షకులే కారు. మన ప్రసార మాధ్యమాలు గే, లెస్బియన్ వ్యక్తుల్ని చూపించే తీరులో అసలు లోపం ఇక్కడుంది. ‘వాళ్ల’ గురించి ‘మనకు’ చెబుతున్నామనుకుంటారు. ఆ ‘మన’లో వాళ్లూ ఉన్నారన్న స్పృహ ఉండదు.

ఆ స్పృహ లేకపోతే ఎంతవరకు పోతుందో అలీగఢ్ చూపించింది. 2010 ఫిబ్రవరిలో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ మరాఠీ ప్రొఫెసర్ రామచంద్ర సిరాస్ ఇంట్లోకి కొందరు కెమెరాతో చొరబడి, ఆయన ఏకాంతాన్ని చిత్రీకరించారు. విశ్వవిద్యాలయం చొరబడ్డవాళ్లను వదిలేసి ఆయన్ని సస్పెండ్ చేసింది. అలహాబాద్ హైకోర్టు ఏప్రిల్ మొదట్లో ఆయన పక్షాన నిలిచింది. వారం తిరగకముందే ఆయన తన అద్దె గదిలో శవమై కనిపించారు. కోర్టు ఉద్యోగాన్ని తిరిగి ఇవ్వగలిగింది గానీ, కెమెరా తీసుకెళ్లిన పరువును ఏ కోర్టూ తెచ్చి ఇవ్వలేకపోయింది.

ఇక సినిమా సంగతి. మన హాస్యానికి ఇందులో స్థిరపడిన పద్ధతి ఉంది. హీరో, అతని స్నేహితుడు కాలు జారి ఒకరి మీద ఒకరు పడతారు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంటుంది. చూసినవాళ్లు ‘ఛీ ఛీ’ అనుకుంటూ వెళ్లిపోతారు. లేదంటే నడుము తిప్పుతూ, సాగదీసి మాట్లాడే ఒక పాత్ర హీరో వెంటపడుతుంది, హీరో వాణ్ని చితక్కొడతాడు. హాలంతా నవ్వుతుంది. హిందీలో ‘కల్ హో న హో’ (2003), ‘దోస్తానా’ (2008) కూడా ఇదే అపార్థం మీద నవ్వులు పండించాయి. మర్నాడు కాలేజీలో ‘వాడు కొంచెం తేడా రా’ అన్న మాట ఎవరో ఒకరి మీద పడుతుంది. ఆ కుర్రాడికి తనలాంటివాడు తెర మీద కనిపించిన సందర్భం అదొక్కటే, అదీ తన్నులు తింటూ. పైగా హిజ్రాలు, గే పురుషులు, ఆడవేషం కట్టిన నటులు అందరినీ ఒకే గాటన కట్టేయడంతో ఎవరి జీవితమూ ప్రేక్షకుడికి అర్థం కాకుండా పోతోంది.

అమ్మాయిల విషయంలో నవ్వులాట తక్కువ, పోలీస్ స్టేషన్ ఎక్కువ. ఇద్దరు మేజర్ యువతులు ఇల్లు వదిలి వెళ్తారు. పెద్దలు మిస్సింగ్ కేసు పెడతారు. పోలీసులు పట్టుకొచ్చి ‘కౌన్సెలింగ్’ చేస్తారు. ‘విడ్డూరం’, ‘వింత ప్రేమ’ అన్న శీర్షికతో, ముఖాలకు చున్నీలు కప్పుకున్న దృశ్యాలతో వార్త వస్తుంది. ఊరు పేరు, వీధి పేరు, తండ్రి వృత్తి కూడా రాసేశాక ముఖం మసకబార్చి లాభమేముంది? పద్దెనిమిదేళ్లు దాటిన మనుషుల్ని ఇష్టం లేకుండా ఇంటికి పంపే అధికారం ఎవరిచ్చారన్నది విలేకరి అడగాల్సిన మొదటి ప్రశ్న. అదే వార్తలో కనిపించదు.

ఇలాంటి కేసే మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ ముందుకు వచ్చింది. మదురై నుంచి చెన్నైకి పారిపోయి వచ్చిన ఇద్దరు యువతుల కేసది. ఈ విషయం తనకు పూర్తిగా తెలియదని ఒప్పుకుని, ఆయన స్వయంగా మానసిక నిపుణురాలి దగ్గర కూర్చుని తెలుసుకున్నారు. ఆ తర్వాతే 2021 జూన్ 7న ఉత్తర్వులిచ్చారు. ‘మార్చేస్తాం’ అనే చికిత్సల్ని నిషేధించాలన్నారు, పోలీసులకు అవగాహన కల్పించాలన్నారు. హైకోర్టు న్యాయమూర్తి నేర్చుకోవడానికి సిద్ధపడినప్పుడు న్యూస్ డెస్కులు సిద్ధపడటానికి అడ్డేమిటి?

ఈ తెలియనితనం కన్నా లోతుగా నాటుకున్నది ‘పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది’ అన్న మాట. సలహాల శీర్షికల్లో, సీరియళ్లలో ఇది రకరకాలుగా వినిపిస్తూనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను వ్యాధుల జాబితా నుంచి తీసేసింది. మార్పు చికిత్స వైద్య వృత్తికి తగని పని అని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. అయినా పెళ్లిళ్లు జరుగుతూనే ఉన్నాయి. కొన్నేళ్లకు ‘భర్త సంగతి తెలిసి షాకైన భార్య’ అని వార్త వస్తుంది. ఆ పెళ్లి చేసిందెవరు, ఆ అమ్మాయి జీవితానికి బాధ్యులెవరు అన్న ప్రశ్నలు ఉండవు.

ఆ ప్రశ్నలే కథగా వచ్చిన సినిమా మలయాళంలో 2023 నవంబర్‌లో విడుదలైన ‘కాదల్ ది కోర్’. జియో బేబీ దర్శకుడు. మమ్ముట్టి నటించడమే కాదు, తన సొంత సంస్థలో నిర్మించారు కూడా. పంచాయతీ ఉప ఎన్నికలో నిలబడ్డ మాథ్యూ నుంచి విడాకులు కోరుతూ భార్య ఓమన కోర్టుకెక్కుతుంది. జ్యోతిక చేసిన ఆ పాత్రలో పగ లేదు, ఇరవయ్యేళ్ల ఒంటరితనం ఉంది. మాథ్యూ ఎంత నలిగాడో ఓమన అంత నలిగింది. తప్పు కొడుకుది కాదని, బలవంతపు పెళ్లి చేసిన తనదని తండ్రి ఒప్పుకునే చోట కథ తన గుండెకాయను చూపిస్తుంది. ఆ సినిమాకు కేరళ ప్రభుత్వం ఉత్తమ చిత్రం అవార్డు ఇచ్చింది. ‘ఇలాంటివి ఫ్యామిలీ ఆడియన్స్ చూడరు’ అనే మన నిర్మాతల వాదనకు ఇంతకు మించిన జవాబు అక్కర్లేదు. అది నూటికి నూరుపాళ్లూ కుటుంబ కథే.

తెలుగులోనూ ప్రయత్నం జరగలేదని కాదు. 2018లో ప్రశాంత్ వర్మ తీసిన ‘అ!’లో ఈషా రెబ్బా పాత్ర తాను ప్రేమించిన అమ్మాయిని తల్లిదండ్రులకు పరిచయం చేస్తుంది. నిత్యా మేనన్ ఆ ప్రేయసిగా ఎంతో హుందాగా నటించారు. కానీ చివరికి ఆ పాత్రలన్నీ వేరొకరి మనసులోని వ్యక్తిత్వాలేనని తేలుతుంది. మన మధ్య, మన అపార్ట్‌మెంట్‌లో బతికే మనుషులుగా వాళ్లను చూపించే కథలు ఇంకా విరివిగా రావాలి.

‘ఇలాంటివి చూపిస్తే పిల్లలు చెడిపోతారు’ అనే భయం చాలామందిలో నిజంగానే ఉంది. వారికి చెప్పాల్సింది ఒకటే. సినిమా చూసి ఎవరూ గే అయిపోరు. చిన్నప్పటి నుంచీ మనం చూపించినవన్నీ ఆడామగా ప్రేమకథలే కదా, అవి చూస్తూనే ఈ పిల్లలూ పెరిగారు. తెర మార్చగలిగేది మన ప్రవర్తనను. కొడుకు వచ్చి నిజం చెప్పిన రోజున తండ్రి బెల్టు తీస్తాడా, పక్కన కూర్చోబెట్టుకుంటాడా అన్నది అతను అన్నాళ్లూ చూసిన, చదివినవాటి మీదా ఆధారపడి ఉంటుంది.

చట్టం చాలా దూరం వచ్చింది, ఇంకా పోవాల్సింది ఉంది. 2018 సెప్టెంబర్ 6న అయిదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ కోరలు పీకింది. స్వలింగ జంటల వివాహ హక్కు కేసులో ప్రధాన పిటిషనర్లయిన సుప్రియో, అభయ్ హైదరాబాద్ వాసులే. 2021 డిసెంబర్‌లో వాళ్ల పెళ్లి వేడుకను పత్రికలు పండగలా రాశాయి. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు వివాహ హక్కును నిరాకరించింది. వేడుక ఫొటోలకు దొరికిన చోటు ఆ తీర్పు పర్యవసానాలకూ దొరకాలి. ఆస్పత్రిలో సంతకం ఎవరు పెట్టాలి, పోయిన భాగస్వామి ఆస్తి ఎవరికి చెందుతుంది? స్వలింగ జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి ఇబ్బంది లేదని 2024 ఆగస్టులో కేంద్రం స్పష్టం చేసింది. వాళ్ల రోజువారీ బతుకుకు పనికొచ్చే ఇలాంటి సమాచారాన్ని పాఠకులకు చేర్చడం పత్రికల బాధ్యత.

సంపాదకులు, నిర్మాతలు ఈరోజే చేయగలిగిన పనులున్నాయి. ఒప్పుకోని మనిషి పేరు, ముఖం, ఊరు బయటపెట్టకూడదు. నేరవార్తలో ఆ నేరానికి సంబంధం లేకపోతే నిందితుడి ప్రేమ సంగతి రాయకూడదు. మనోవైద్యుణ్ని, స్వామీజీని పిలిచి చర్చ పెట్టేముందు, ఎవరి గురించి మాట్లాడుతున్నారో వాళ్లకు కుర్చీ వేయాలి. ఇళ్ల అద్దెలు, ఉద్యోగాలు, వృద్ధాప్యం మీద రాసే మామూలు కథనాల్లో వాళ్లనూ మాట్లాడించాలి. శీర్షిక పెట్టే సబ్ ఎడిటర్, సీను రాసే రచయిత తమను తాము అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది తన గురించేనని గుర్తుపట్టే మనిషి చదువుతారని తెలిసినా ఇలాగే రాస్తామా? చదువుతారు, తప్పకుండా. కాబట్టి ఆ మనిషికీ జవాబుదారీగా రాయడం మన వృత్తి ధర్మం.