తాగించేది మీరే.. పట్టేది మీరే!

తిరుచానూరు పద్మావతమ్మ దర్శనానికి వచ్చే భక్తుడు తిరుపతిలో ఆటో ఎక్కుతాడు. నడిపేవాడు మందు కొట్టి ఉన్నాడో లేదో ఆయనకేం తెలుసు? అది కనిపెట్టాల్సింది పోలీసులు, తేల్చాల్సింది కోర్టు. ఈ రెండు చోట్లా పని పద్ధతిగా జరగకపోతే రోడ్డు మీద పోయేది అమాయకుల ప్రాణమే.

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామును సీమ మరిచిపోగలదా? కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే బస్సు, రోడ్డు మీద పడి ఉన్న బైకును ఈడ్చుకుపోయింది. మంటలు లేచాయి. 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. బస్సు రాకముందే కింద పడి చనిపోయిన బైకు యువకుడు తాగి ఉన్నాడని పరీక్షల్లో తేలింది. ఒక్కడి మత్తు ఎన్ని ఇళ్లలో దీపాలు ఆర్పిందో చూడండి!

చట్టం మెత్తగా ఏమీ లేదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరమే. మొదటిసారి 6 నెలల దాకా జైలు, లేదా 10 వేల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే జైలు 2 ఏళ్ల దాకా, జరిమానా 15 వేలు. లైసెన్సుకూ ముప్పే. మనిషి చనిపోతే కథ ఇంకా పెద్దది. ముంబైలో 2006లో పేవ్‌మెంట్ మీద పడుకున్న 7 మంది కూలీలను కారుతో తొక్కించిన కేసులో, ఇది ఉత్త నిర్లక్ష్యం కాదు, ప్రాణం పోతుందని తెలిసీ చేసిన పనేనని సుప్రీంకోర్టు 2012లో తేల్చింది. ఆ లెక్కన 10 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు.

మరి పట్టుబడిన ప్రతివాడూ దోషేనా? కాదు. వాసన వచ్చిందన్న ఒక్క మాట ఈ సెక్షన్ కింద శిక్షకు చాలదు. మిషన్‌లో ఊదించాలి, లేదా రక్తం పరీక్ష చేయించాలి. అరెస్టు చేస్తే 2 గంటల్లోపు డాక్టరు పరీక్ష జరగాలి, జరగకపోతే కస్టడీ నుంచి వదలాలి. అట్లని కేసు పోదు. ఊదనని మొండికేస్తే అదే ఎదురు సాక్ష్యమవుతుంది. బండి సంగతిలో తెలంగాణ హైకోర్టు 2021లో స్పష్టంగా చెప్పింది: తాగని మనిషి లైసెన్సుతో వస్తే బండి అతనికి అప్పగించాలని.

ఆటో అన్నలకు మా మాట ఒకటే. నిజంగా తాగి దొరికితే శిక్ష అనుభవించండి. తాగకపోతే మాత్రం 'ఒప్పుకుంటే ఈరోజే అయిపోతుంది' అనే మాట నమ్మి తల ఊపొద్దు. ఆ ఒప్పుకోలు మీ పేరు మీద నేరంగా నిలిచిపోతుంది. రేపు ఇంకో కేసైతే రెండో నేరం కింద లెక్క కడతారు. లాయరుకు డబ్బుల్లేని పేదలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. అడగండి, అది మీ హక్కు!

ఇక పాలకుల సంగతి. దూబగుంట ఆడబిడ్డలు మొదలుపెట్టిన పోరాటంతో 1993లో సారా పోయింది, 1995లో మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. 2019లో సర్కారే దుకాణం తెరిచింది. 2024 అక్టోబర్‌లో మళ్లీ ప్రైవేటుకిచ్చి, 99 రూపాయలకే క్వార్టర్ అన్నారు. ఎవరు గద్దెనెక్కినా ఖజానాకు సీసానే దిక్కా? పొద్దున చవక మందు అమ్మి రాత్రి మిషన్ పట్టుకుని నిలబడితే ప్రమాదాలు ఆగుతాయా?

మేం అడుగుతున్నది గొంతెమ్మ కోరికలేం కాదు. తనిఖీ చేసిన ప్రతిసారీ రీడింగు స్లిప్పు చేతికివ్వండి. అనుమానముంటే ఆస్పత్రిలో రక్తం తీయించండి. రోడ్డు మీద బేరాలు బంద్ చేయండి. భక్తులు తిరిగే దారుల్లో వైన్ షాపులు ఎత్తేయండి. పద్ధతిగా రాసిన కేసులో తాగినోడు తప్పించుకోలేడు, తాగనోడు ఇరుక్కోడు. ఇంతమాత్రం చేయలేని వాళ్లకు జరిమానా వసూలు చేసే నైతిక హక్కు ఎక్కడిది?