తుపాకీ మొరాయిస్తే తప్పెవరిది?

యంత్రం ఏదైనా మొరాయించగానే మన నోట వచ్చే ప్రశ్నలు రెండు. ఏ భాగం పోయింది? ఎవరు పాడుచేశారు? ఈ రెండూ తొందరపాటు ప్రశ్నలేననీ, చాలా సందర్భాలలో ఇవి అసలు కారణాన్ని మరుగుపరుస్తాయనీ నా అభిప్రాయం. ఇందుకు సెమీ ఆటోమేటిక్ రైఫిలును మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. విషయం కొత్తగా తోచవచ్చు. మిత్రులు కాస్త ఓపిక పట్టాలి.

అమెరికాలో చాలా రాష్ట్రాలలో ఏఆర్-15 తరహా క్రీడా రైఫిలును విడిభాగాలు కొని, సొంత వాడకానికి ఇంట్లోనే కూర్చుకోవడం చట్టం అనుమతించిన వ్యాపకం. (మన దేశంలో లైసెన్సు లేకుండా ఆయుధం తయారుచేయడం 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం నేరం. కనుక ఇది పూర్తిగా అక్కడి ముచ్చట.) అలా కూర్చినవారిని తరచుగా వేధించేది వాయు వ్యవస్థ. తూటా పేలినప్పుడు పుట్టిన వాయువులో కొంత, గొట్టానికి ఉన్న చిన్న రంధ్రం గుండా బయటికి వచ్చి, సన్నని నాళం వెంట వెనక్కు మళ్ళుతుంది. అది బోల్టును మోసే భాగాన్ని వెనక్కు తోస్తుంది. ఆ ఊపులోనే బోల్టు తాళం విడి, ఖాళీ తొడుగు బయటపడుతుంది. వెనుకనున్న స్ప్రింగు తిరిగి ముందుకు నెట్టగా కొత్త తూటా లోపలికి చేరుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది.

వాయువు తక్కువైతే బోల్టు పూర్తిగా వెనక్కు పోదు. ఖాళీ తొడుగు ద్వారంలోనే ఇరుక్కుంటుంది, లేదా తరువాతి తూటా అందదు. వాయువు ఎక్కువైతే బోల్టు మరీ వేగంగా పోయి వస్తుంది. మ్యాగజైను తూటాను పైకి ఎత్తేలోగానే దాని మీదుగా దాటిపోతుంది. అప్పుడూ తరువాతి తూటా అందదు! లక్షణం ఒకటే, రోగాలు రెండు. అవీ పరస్పర విరుద్ధమైనవి. ఇది తెలియనివాడు వాయువు చాలలేదనుకుని రంధ్రాన్ని పెద్దది చేస్తే, ఉన్న రోగం ముదురుతుంది. పైగా పెంచిన రంధ్రం మళ్ళీ చిన్నది కాదు.

అందుచేత తెలిసినవారు మొదట తుపాకీ ఖాళీగా ఉన్నదని రూఢి చేసుకుంటారు. తరువాత మంచి ఫ్యాక్టరీ తూటాలు, వేరొక మ్యాగజైను తీసుకుని, తగినంత నూనె వేసి, కాల్పుల మైదానంలో ఒక్కొక్క తూటానే పెట్టి కాల్చి చూస్తారు. ఆ ఒక్కటీ పేలాక బోల్టు వెనుకనే నిలిచిందా? ఖాళీ తొడుగు ఏ దిక్కుకు, ఎంత దూరం పడింది? దాని అంచు చిరిగిందా? ఇవన్నీ చూశాకే వాయు రంధ్రం మీద బిగించిన దిమ్మె పక్కకు జరిగిందా, మరలు వదులయ్యాయా, బోల్టు వలయాలు అరిగాయా అని ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు. ఒకసారికి ఒక్కటే మార్పు. ఇదీ వారి నియమం.

ఈ నియమాన్ని ఒక మహా సైన్యమే విస్మరించింది. యూజీన్ స్టోనర్ 1950లలో ఆర్మలైట్ సంస్థలో రూపొందించిన ఈ రైఫిలు సైనిక రూపమే ఎం-16. దానిని తీర్చిదిద్దినది డ్యూపాంట్ వారి ఒక రకం తుపాకీ మందుతో. 1964లో అమెరికా సైన్యం మరొక రకానికి, అంటే గుండ్రని రేణువుల మందుకు అనుమతి ఇచ్చింది. తుపాకీ మారలేదు, తూటా ఆకారం మారలేదు. కానీ రంధ్రం దగ్గర వాయు పీడనం పెరిగింది, కాల్పుల వేగం నిర్దేశించిన హద్దు దాటింది, లోపల మసి పేరుకుంది. తూటా కూర్చునే గదికి క్రోమియం పూత లేదు. వియత్నాం తేమకు అది తుప్పుపట్టేది. ఖాళీ తొడుగులు గదిలోనే బిగుసుకుపోయాయి. శత్రువు ఎదుట నిలిచిన కుర్రవాళ్ళు కడ్డీతో పొడిచి వాటిని ఊడదీసుకోవలసి వచ్చింది. మొరాయించిన తుపాకుల పక్కనే సహచరుల శవాలు కనిపించాయని సైనికులు ఇళ్ళకు ఉత్తరాలు రాశారు.

అప్పుడు పైవారు చెప్పిన సమాధానం: కుర్రవాళ్ళు తుపాకీని శుభ్రం చేయడం లేదు! శుభ్రం చేసే సామగ్రి చాలినంత పంపనిదీ వారే. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదని మనకు సామెత. ఇక్కడ మద్దెలే ఓడు కాగా, ఆడేవారి మీద నింద వేశారు. అంతకన్న విడ్డూరం, కర్మాగారంలో అంగీకార పరీక్షలు పాత మందుతోనే జరుపుకోనిచ్చి, యుద్ధానికి కొత్త మందు పంపడం. 1967లో ఇకోర్డ్ అధ్యక్షతన అమెరికా కాంగ్రెసు ఉపసంఘం విచారించి, ఈ నిర్వాకం నేరపూరిత నిర్లక్ష్యానికి చేరువైనదని తేల్చింది. గదికి క్రోమియం పూత, బరువైన బఫరు, శుభ్రపరిచే సామగ్రి, శిక్షణ ఇచ్చాక అదే తుపాకీ నమ్మదగినదయింది. దాని వంశమే దశాబ్దాలపాటు ఆ సైన్యపు ప్రధాన ఆయుధంగా నిలిచింది.

సైనికులు శుభ్రం చేయకపోవడం కూడా ఒక కారణమే కదా అని ఎవరైనా అనవచ్చు. కాదనను. కానీ అది చివరి కారణం, అందరికన్నా బలహీనుడి మీద మోపడానికి వీలైన కారణం. వాయువు, రంధ్రం, బరువు, స్ప్రింగు, మందు వీటన్నిటి మధ్య ఉన్న ఒప్పందమే ఆ యంత్రం. అందులో ఒక్కటి మార్చి తక్కినవాటిని యథాతథంగా ఉంచితే, ఏ భాగమూ చెడకుండానే యంత్రం చెడుతుంది. కనుక అడగవలసిన మొదటి ప్రశ్న, మొన్న సరిగా పనిచేసిన నాటికీ నేటికీ నడుమ ఏమి మారింది అన్నది. ఇంట్లో బల్లమీద రైఫిలు కూర్చుకునేవాడు ఈ ప్రశ్న వేసుకోకపోతే కొంత డబ్బు, ఒక సాయంకాలం పోతాయి. అధికారంలో ఉన్నవారు వేసుకోకపోతే పోయేవి ఇతరుల ప్రాణాలు.