బిడ్డ లావు, ఇంటివారి నడక

నారాయణఖేడు నల్లరేగడిలో కందియు జొన్నయు ప్రత్తియు పండించు రైతు సోదరులకు బిడ్డల లావును గూర్చి వ్రాయుట వింతగా దోచవచ్చును. మన పల్లెలలో బక్కచిక్కిన బిడ్డలే నేటికిని ఎక్కువ. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి దేశమున అయిదేండ్లలోపు పిల్లలలో వయస్సునకు తగిన తూకము లేనివారు నూటికి 32 మంది. ఎత్తునకు మించిన తూకము గలవారు నూటికి 3.4. అయినను ఈ రెండవ లెక్క 2015-16లో 2.1 మాత్రమే యుండెను. నాలుగు ప్రత్తికాయలలో పురుగు కనబడగనే మేల్కొను రైతు దీనిని తేలికగా గొనరాదు.

మేమెరిగిన యిండ్లలో తండ్రి, అరమైలు దూరమున నున్న బడికి బిడ్డను మోటారు సైకిలుపై దింపును. సాయంకాలము బిడ్డ చేతిలో సెల్ ఫోను, ప్రక్కను చిరుతిండి పొట్లము. "మేము పడిన చెమట చాలును, వాడు పడవలదు" అని తలిదండ్రుల మాట. ఆ ప్రేమ మాకు తెలియనిది కాదు. మా యింటను ఇట్లే జరిగినది. వైద్యుడు బిడ్డకు వ్యాయామము కావలయునని చెప్పగా సైకిలు కొనియిచ్చి, త్రొక్కుమని మంచముపై గూర్చుండి యాజ్ఞాపించితిమి. సైకిలు వసారాలో తుప్పు పట్టెను. మాటలతో జెప్పిన సేద్యపద్ధతిని ఏ రైతును నమ్మడు, చేనిలో చేసి చూపిన నమ్మును. ఏండ్ల తరబడి ఈ పనియే చేయుచున్న మాకు ఇంటిలో అది తోచకపోయెను!

అమెరికాలో లియొనార్డు ఎప్‌స్టీను అను పండితుడును సహచరులును 1990లో ప్రకటించిన పరిశీలన యిదియే చెప్పుచున్నది. బిడ్డతోపాటు తల్లినో తండ్రినో చికిత్సలో చేర్చి, ఇరువురి మార్పునకును మెప్పు చూపిన కుటుంబములలో, పదియేండ్ల పిమ్మటను బిడ్డల అధికభారము మొదటికంటె తక్కువగా నుండెను. బిడ్డ నొక్కనినే దిద్దజూచినచోట అది మొదటికంటె పెరిగెను. 1995లో వారే మరియొకటి చూపిరి: వ్యాయామము చేయుమని ప్రోత్సహించుటకంటె, కూర్చుండు కాలమును తగ్గించుటకు ప్రోత్సహించిన పిల్లలే ఏడాదిలో ఎక్కువ మేలు పొందిరి.

కావున ముందుగా ఫోను తగ్గవలయును. తండ్రి ఫోను గూడ. 5 మొదలు 17 ఏండ్ల పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషములు ఊపిరి వేగిరపడునట్టి కదలిక వలయునని ప్రపంచారోగ్య సంస్థ 2020లో చెప్పినది. అది ఒకేసారి కానక్కరలేదు. బడికి నడక, చిర్రగోనె, చెడుగుడు, పెద్దలతో చెరువుకట్టపై షికారు, అన్నియు లెక్కకు వచ్చును. ఆడపిల్లలను ఇంట గూర్చుండబెట్టు వాడుక ఇచ్చట చెల్లదు. చేనికి వెంటబెట్టుకొని పొండు. కాని మందు చల్లు దినములలో వలదు, బడి మాన్పించియు వలదు. బిడ్డను పస్తుంచుటయు, "బొండాం" అని నవ్వుటయు కీడే. ఎదిగెడి బిడ్డకు తూకము తగ్గించుటకంటె, ఎత్తు పెరుగు నంతకాలము తూకమును నిలుపుటయే పలుమారు చాలును. ఎవరికెంత యన్నది వైద్యుడు చెప్పవలయును.

వచ్చు సంఘ సమావేశమునకు మైలులోపు సభ్యులు మోటారు సైకిళ్ళను ఇంట విడిచి, పిల్లలతో నడచి రావలయునని కోరుచున్నాము. మేమును మా బిడ్డతో నడచియే వచ్చెదము.