చౌక పార ఖరీదు ఎవరు కడుతున్నారు?



ట్రాక్టరు కొనేముందు పది మందిని అడుగుతాం. మోటారు కొనేముందు గ్యారంటీ కార్డు తిరగేసి చూస్తాం. కొడవలి, పార, కొమ్మల కత్తెర దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏదో ఒకటి, చౌకలో ఇవ్వు" అంటాం. ఆ బేరంలో మిగిలిన వంద రూపాయలు కొట్టువాడు తన జేబులోంచి ఇచ్చినవి కావు. మొద్దు కొడవలితో రోజంతా గడ్డి కోసే మనిషి మణికట్టు, రేకు పారతో నిమ్మచెట్లకు పాదులు చేసే మనిషి నడుము ఆ వంద కడుతున్నాయి. అందుకే అంటున్నాను: తోటపనిలో పనిముట్టు కూలిలో భాగం. చెడ్డ పనిముట్టు చేతికివ్వడమంటే కూలి కోయడమే.

తోట యజమానికైనా ఇందులో లాభం లేదు. పది మంది పనిచేసే చోట అంచు నిలవని కొడవళ్లతో మనిషికి రోజుకు అరగంట పోయిందనుకోండి. రోజుకు ఐదు గంటలు, పది రోజులకు యాభై గంటలు. అంటే ఆరుగురి రోజు కూలి గాలికి పోయినట్టు. ఆ డబ్బుతో కమ్మరి దగ్గర ఎన్ని మంచి కొడవళ్లు వస్తాయో మీరే లెక్క వేసుకోండి. "మంచివి కొనిస్తే కూలీలు విరగ్గొడతారు" అనేవాళ్లున్నారు. రేకు పార రాయికి తగిలి వంగితే తప్పు రేకుదా, మనిషిదా?

మంచి పనిముట్టును గుర్తుపట్టడం బ్రహ్మవిద్య కాదు. పారకు కామ దూరే కన్నం, పలక ఒకే ఇనుములో సాగగొట్టినవై ఉండాలి. వెల్డింగు అతుకు ఉంటే ముందు అక్కడే ఊడుతుంది. అంచు మీద ఆకురాయితో ఒక్కసారి గీయండి. మెత్తగా దిగిపోతే ఆ అంచు సాయంత్రం దాకా ఆగదు. అసలు పట్టకుండా జారిపోతే రాయి తగిలినప్పుడు పెచ్చు లేస్తుంది. కాస్త బిగువుగా పట్టేది తీసుకోండి. లారీ కమాను పట్టీతో కొట్టిన కొడవలి సరిగ్గా కాల్చి నీటిలో ముంచితే అంచు నిలుస్తుంది. చెక్క చారలు కామ పొడవునా సాగాలి, అడ్డం పడితే విరుగుతుంది. రంగు పూసిన కామ వద్దు, రంగు కింద ముడి, పగులు దాక్కుంటాయి. పిడి పట్టుకుంటే వేళ్లు చుట్టూ తిరిగి బొటనవేలిని అందుకోవాలి. కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లు. అంగట్లో పిడి మాత్రం మగవాడి అరచేతి కొలతకు ఉంటుంది. ఇది కూడా అన్యాయమే.

పండ్లతోటల్లో కత్తెర సంగతి ఇంకా పెద్దది. పచ్చి కొమ్మకు రెండు అలుగులూ ఒకదాని పక్కనుంచి ఒకటి జారే కత్తెరే వాడాలి. ఒక అలుగు వచ్చి దిమ్మ మీద పడే రకం కొమ్మను నలుపుతుంది, నలిగిన చోట తెగులు చేరుతుంది. బొటనవేలి కన్నా లావు కొమ్మను కత్తెరతో పీకులాడకుండా రంపంతో కోయాలి. దానిమ్మలో బాక్టీరియా మచ్చ తెగులు కత్తెర ద్వారా కూడా చెట్టు నుంచి చెట్టుకు పాకుతుంది. చెట్టు మారినప్పుడల్లా కత్తెరను సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ముంచాలి. ఆ ద్రావణం, దానికి పట్టే సమయం కూలీకి ఇవ్వకుండా తెగులు వచ్చాక కూలీని తిట్టడం ఏం న్యాయం?

ఇక పాలకుల సంగతి. 2023 నవంబరులో కేంద్రం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇస్తామని రూ.1,261 కోట్ల పథకానికి ఆమోదం తెలిపింది. డ్రోను ఖరీదులో 80 శాతం, రూ.8 లక్షల దాకా సాయం. మందు చల్లడానికి డ్రోను రానివ్వండి, అభ్యంతరం లేదు. అదే ఊళ్లో వంగి కలుపు తీసే వందల మంది ఆడవాళ్ల చేతిలోని తొలిక గురించి ఎవరు ఆలోచించారు? నిలబడి నెట్టుతూ కలుపు తీసే జంట చక్రాల వీల్‌హోను భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ ఏనాడో తయారుచేసింది. అది మన ఊళ్లలో ఎన్ని చేలల్లో కనిపిస్తోంది?

జీఎస్టీ చూడండి. కొడవలి, పార, కత్తెర లాంటి వ్యవసాయ చేతి పనిముట్లకు పన్ను లేదు. మట్టి మోసే గమేళాకు మాత్రం ఆ మినహాయింపు లేదు. కమ్మరి కొనే కొత్త ఇనుము మీద 18 శాతం పన్ను ఉంది. అమ్మే వస్తువుకు పన్ను లేదు కాబట్టి కట్టిన పన్ను తిరిగి రాదు. అది కొడవలి ధరలోనో, కమ్మరి కష్టంలోనో కలిసిపోతుంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన విశ్వకర్మ పథకం 18 వృత్తుల్లో కమ్మరాన్ని చేర్చి, పనిముట్లకు రూ.15,000 ఇస్తానంది. సమ్మెట ఇస్తే సరిపోతుందా? ఆ సమ్మెటకు పని ఎవరిస్తారు? పథకాల పేరుతో పంచే కిట్లు టెండర్లలో ఎక్కడినుంచో వస్తుంటే ఊరి కొలిమిలో బూడిదే మిగులుతుంది.

కాబట్టి మన డిమాండ్లు ఇవి:

1. సర్కారు పంచే చేతి పనిముట్లను రైతు, కూలీ చూసి ఎంచుకోవాలి. ఊరి కొలిమిలో కొన్నా సబ్సిడీ వర్తించాలి.

2. ఆడవాళ్ల చేతి కొలతకు చేసిన పనిముట్లు ప్రతి మండలంలో దొరకాలి.

3. తోటపనికి కూలి మాట్లాడుకునేటప్పుడే మంచి పనిముట్టు, పదును పెట్టే ఖర్చు యజమానివని తేల్చుకోవాలి.

మూడోది సర్కారు ఇచ్చేది కాదు, మన చేతిలోనే ఉంది. సంఘంలో తోటలున్న రైతులే ముందు అమలు చేయాలి. వచ్చే గ్రామశాఖ సమావేశానికి మీ పార, కొడవలి, కత్తెర పట్టుకు రండి. ఊరి కమ్మరిని కూడా పిలవండి. ఆకురాయి పెట్టి ఒక్కొక్కటీ చూద్దాం. ఆ రోజే కొలిమికి ఊరంతా కలిసి ఒక ఆర్డరు ఇద్దాం.