జాబితాకెక్కిన పెళ్ళికూతుళ్ళు

విశాఖ బీచ్ రోడ్డులో పేరున్న మ్యూజియాలు చాలావరకు యుద్ధం కథలే చెబుతాయి. 1971 యుద్ధంలో పాల్గొన్న కురుసుర జలాంతర్గామి, దానికెదురుగా టీయూ-142 విమానం, పాత డచ్చి బంగళాలోని విశాఖ మ్యూజియంలో 1942 ఏప్రిల్‌లో జపాను విమానాలు వేసినప్పుడు పేలకుండా మిగిలిన బాంబు. విహారయాత్రకొచ్చిన పిల్లలు ఆ బాంబు దగ్గర కాసేపు ఎక్కువే నిలబడతారు. వేసినవాడు పరాయివాడు. కోపం తెచ్చుకోవడం తేలిక.

విజయనగరంలో గురజాడ అప్పారావు ఇల్లు ఇప్పుడు స్మారక గృహం. వెళ్ళినవాళ్ళం ఆయన పటానికి దణ్ణం పెట్టి, ఆయన ‘కన్యాశుల్కం’ నాటకంలోని గిరీశం మాటలు రెండు తలుచుకు నవ్వుకుని వచ్చేస్తాం. 1892లో తొలిసారి ఆడిన ఆ నాటకం వెనకున్న లెక్క మాత్రం గుర్తుకు రాదు. 1897లో అచ్చయిన తొలికూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠికలో ఉందది. విజయనగరం ఆనంద గజపతి మహారాజు పురమాయించి, విశాఖపట్నం జిల్లాలో మామూలు బ్రాహ్మణ కుటుంబాలు పిల్లకు వెలగా శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళ జాబితా రాయించారు. మూడేళ్ళకు 1,034 తేలాయి. అయిదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ ముగ్గురి వెల తలకు 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు సైతం బేరాలు కుదిరేవట.

విజయనగరం అప్పుడు విశాఖ జిల్లాలోదే. కాబట్టి ఇవి మన ఊళ్ళ పెళ్ళిళ్ళే. అమ్మింది కన్నవాళ్ళు, కొన్నది, నాటకంలో డబ్బిచ్చి పిల్లను చేసుకోబోయే లుబ్ధావధాన్లు లాంటి పక్క ఊరివాళ్ళు. తిట్టుకోడానికి తెల్లవాడు లేడు, జపానువాడూ లేడు. (శుల్కం పోయాక సొమ్ము ఎదురు దిక్కుకు తిరిగి కట్నమైంది. ఆ నాటకానికి ఇంకా తెర పడలేదు.)

బాంబు చూపించడానికి బస్సు కట్టించే బడులు, ఇంకో అరవై కిలోమీటర్లు పోయి ఈ ఇంటినీ చూపిస్తే బాగుంటుంది. ఆ జాబితా తెలుగులో, గుమ్మంలోనే పెద్ద అక్షరాలతో కనబడాలని మా కోరిక. అయిదో తరగతి ఆడపిల్లకు దాన్ని చదివి చెప్పడం టీచరుకు ఇబ్బందే. పడనీ. లెక్క పూర్తిది కాదన్న ముక్క కూడా కింద రాయాలి. జిల్లాలో చాలా భాగం ఆ జాబితాలోకి రానేలేదు. పిల్ల మీద సొమ్ము పుచ్చుకున్నామని ఒప్పుకోడానికి అప్పటికే జనం జంకారు.